చిన్న అక్షరం కనపడుతుంది, గుమ్మంలో బకెట్ కనపడదు: ఒక బీకాం విద్యార్థిని కేస్ స్టడీ

ఈ కేసులోని అమ్మాయి పేరు, ఊరు, మా కాలేజీ పేరు రాయడం లేదు. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. రాసిన ఫైలు ఆమెకే పంపితే తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే తన స్క్రీన్ రీడర్‌తో విని, రెండు చోట్ల నన్ను సరిదిద్ది తిరిగి పంపింది.

గోదావరి జిల్లాల్లోని ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ అప్లికేషన్స్ చెబుతాను. దివ్యాంగ విద్యార్థుల సహాయ కేంద్రం బాధ్యత కూడా కొన్నేళ్లుగా నాదే. కేంద్రం అంటే ల్యాబ్ పక్కన ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, నాలుగు హెడ్‌ఫోన్లు. ఏడాదిన్నర పాటు సాయం అనుకుంటూ నేను చేసిన పనే ఈ అమ్మాయికి పనిచేసే చోట అడ్డుపడింది. అదెలా జరిగిందో, తర్వాత ఏం మార్చుకున్నామో నాలాగే ఈ పని చూసే లెక్చరర్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

2021లో చేరింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆమెకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి మొదట రేచీకటిగా బయటపడుతుంది. ఆ తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది. నడిమి చూపు మాత్రం చాలామందిలో ఏళ్ల తరబడి బాగానే నిలుస్తుంది. వెదురు బొంగులోంచి చూస్తున్నట్టు ఉంటుందని తనే ఒకసారి చెప్పింది. తల్లిదండ్రులది మేనరికం. జన్యువుల ద్వారా వచ్చే జబ్బు ఇది, దగ్గరి సంబంధాల్లో కొన్ని రకాలు ఎక్కువగా కనపడతాయి.

మొదటి రోజు ల్యాబ్ గుమ్మంలో తుడిచే ఆవిడ పెట్టిన బకెట్‌ని తన్నేసింది. నీళ్లన్నీ నేల మీద. మా అటెండరు గట్టిగా కసిరాడు. ఆ తర్వాత రెండు నిమిషాలకే మానిటర్ వెనక అంటించిన స్టిక్కర్ మీద ఈగ తలంత అక్షరాలతో ఉన్న సీరియల్ నంబరు గడగడా చదివి రాసుకుంది. "చూశారా సార్, కనపడకపోవడమేం లేదు, అంతా నాటకం" అన్నాడు అటెండరు. ఆ అమ్మాయి విననట్టు ఉండిపోయింది. ఈ మాట ఆమెకి కొత్త కాదని ఆ మొహం చూస్తేనే తెలిసింది.

ఎంత చిన్న అక్షరం చదవగలరన్నది ఒక కొలత. ఒకేసారి ఎంత వెడల్పు చూడగలరన్నది ఇంకో కొలత. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెండో కొలతని కూడా లెక్కలోకి తీసుకుంటుంది: చూపు వెడల్పు 40 డిగ్రీల కంటే తగ్గితే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తగ్గితే అంధత్వం. మా స్టాఫ్ మీటింగ్‌లో ఈ ఒక్క సంగతి చెప్పడానికి పావుగంట పట్టింది. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక్కొక్కరినీ అందులోంచి చూస్తూ గది దాటమన్నాను. ఇద్దరు కుర్చీలకి తగిలారు. ఆ తర్వాత నాటకం అన్న మాట మళ్లీ వినపడలేదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ దగ్గర వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. "సదరం సర్టిఫికెట్ తీయిస్తే ఊరంతా తెలిసిపోద్ది సార్. దీనికింకా పెళ్ళవ్వాలి, దీనెనక చెల్లెలుంది" అంది. నేను వాదించలేదు. ఆవిడ భయం ఉత్తదేమీ కాదు, ఊళ్ళో సంబంధాలు ఎలా కుదురుతాయో నాకూ తెలుసు. మొదటి సెమిస్టర్ పరీక్షలు అందరితో పాటే రాసింది. ప్రశ్నపత్రం మీంచి చూపు తీసి జవాబు పత్రం మీద పెట్టేసరికి గీత తప్పిపోయేది. ఒకే గీత మీద రెండు వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డ పేజీలు ఆ తర్వాత నేను చూశాను. ఒక పేపర్ పోయింది. ఫలితం వచ్చిన వారానికి వాళ్ళమ్మే వచ్చి "ఆ సర్టిఫికెట్ ఏదో ఇప్పించండి సార్" అంది. సచివాలయంలో స్లాట్ తీసుకుని ఆస్పత్రికి వెళ్ళారు. సర్టిఫికెట్ వచ్చింది.

దాంతో పరీక్షల సంగతి తేలికైంది. అప్పుడు అమల్లో ఉన్న 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా పరిహార సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. రాసిపెట్టే మనిషిని తీసుకోవచ్చు, వీలున్న చోట కంప్యూటర్ మీదే రాయవచ్చు. ఇదంతా చాలా కాలేజీలకి తెలిసిన విషయమే కాబట్టి ఇక్కడ ఆగను.

పెద్దది చేస్తే తగ్గిపోయే అక్షరాలు

చూపు తగ్గినవాళ్ళకి మనం ముందు చేసే పని అక్షరం పెద్దది చేయడం. ఆమె కూడా విండోస్ మాగ్నిఫైయర్‌ని 400 శాతం పెట్టుకుని, తెర మీద మూడేసి అక్షరాలు చూసుకుంటూ చదివేది. బొంగులోంచి చూసే మనిషికి అక్షరం పెద్దదయ్యేకొద్దీ బొంగులో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి. నేనూ అది ఆలస్యంగానే గ్రహించాను. 125 శాతానికి దించి, నల్లటి తెర మీద పసుపు అక్షరాలు పెట్టాక ఒక చూపుకి మొత్తం మాట పట్టింది. చదివే వేగం ఆ రోజే పెరిగింది. కానీ గంటకల్లా కళ్ళు మండేవి, పేజీ చివరికొచ్చేసరికి ఎక్కడున్నదీ మర్చిపోయేది. పైగా చూపు ఏటేటా తగ్గుతోంది.

స్క్రీన్ రీడర్ నేర్చుకోమన్నాను. "అది పూర్తిగా కనపడనివాళ్ళు వాడేది కదా సార్" అంది. ఆ మాట వెనక ఉన్న భయాన్ని లెక్చర్ ఇచ్చి పోగొట్టలేం. "చీకటి పడ్డాక, కళ్ళు అలిసిపోయాక మాత్రమే వాడమ్మా. పగలు నీ ఇష్టం" అన్నాను. మూడో నెలకి ఉదయం పూట కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని కనపడింది. నేనేమీ అనలేదు.

వాడింది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు, ఇద్దరూ అంధులే. ఉచితం కాబట్టి మా గదిలో, ఆమె ఇంట్లో, రేపు పనిచేసే చోట అదే ఉంటుంది. మొదటి వారం నేర్పింది ఒక్కటే: ఇన్సర్ట్ కీతో 1 నొక్కితే కీబోర్డు సహాయం తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఏ కీ నొక్కితే ఆ కీ పనేమిటో అదే చెబుతుంది. మనిషి పక్కన లేకుండా తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి నాకు కనపడలేదు. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, కె నొక్కితే లింకు నుంచి లింకుకి దూకవచ్చు. ఆ రెండూ పట్టుబడ్డ రోజు "పేజీ అంతా నా చేతుల్లోకొచ్చినట్టుంది సార్" అంది.

తెలుగు దగ్గర ఇబ్బంది వచ్చింది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు కటువుగా ఉంటుంది, ఒత్తులు తేలిపోతాయి. ఫోన్లోని టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్‌తో గూగుల్ గొంతు అంతకంటే వినసొంపుగా ఉంటుంది. అందుకని ఇంగ్లీషు కంప్యూటర్లో, తెలుగు ఫోన్లో అని పంచుకుంది. అంతకంటే పెద్ద చిక్కు నోట్స్. మా లెక్చరర్లు ఇంగ్లీషు పుస్తకాల పక్కన తెలుగు నోట్స్ ఇస్తారు. ఊళ్ళో డీటీపీ సెంటర్లో కొట్టించినవి. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన చోట తెలుగు అక్షరం బొమ్మ కూర్చోబెడతారు. కంటికి అది "జమ ఖర్చుల పట్టిక". కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్ల కలగాపులగం, స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే. మొదటిసారి హెడ్‌ఫోన్లో ఆ గోల విని ఫైలు పాడైందేమో అనుకుంది. యూనికోడ్‌లో తెలుగుకి వేరే చోటు ఉంది, అందులో కొట్టిన "క" ఏ మెషీన్లోనైనా "క" గానే ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కి కావాల్సింది ఆ "క".

ఇక్కడే నేను తప్పు చేశాను. ప్రతి నోట్స్‌నీ నేనే మార్చి ఇచ్చాను. డీటీపీ ఫైళ్ళని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేయడం, జిరాక్స్ కాగితాలని స్కాన్ చేసి గూగుల్ డాక్స్‌లో తెరిచి అక్షరాలుగా మార్చడం, అందులో "ప" కి బదులు "వ", "మ" కి బదులు "య" పడ్డ చోట్లు వెతికి దిద్దడం. రాత్రి పదింటి దాకా కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో నా చేత్తోనే వెతికేవాణ్ణి. ఉదయానికి ఆమె ఫోన్లో శుభ్రమైన ఫైలు ఉండేది. మూడో సెమిస్టర్ నుంచి ఫస్ట్ క్లాస్ మార్కులు వచ్చాయి. వాళ్ళమ్మ సున్నుండలు చేసి పంపింది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

మూడో రోజు

మా రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకి ఒక సెమిస్టర్ పొడుగునా ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పక్క పట్టణంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో కుదిర్చాను. మూడో రోజు ఆయన కొనుగోలు బిల్లులు స్కాన్ చేసిన ఒక పీడీఎఫ్ ఇచ్చి, వివరాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించమన్నారు. స్కాన్ అంటే బొమ్మ, స్క్రీన్ రీడర్‌కి అది ఖాళీ పేజీ. ఆమె నాకు ఫోన్ చేసింది. నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను, ఫోన్ ఆపేసి ఉంది. సాయంత్రం అయిదింటికి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్.

ఆయన కోప్పడలేదట. "నువ్వు కూర్చో అమ్మా, రేపు చూద్దాం" అని ఆ పని ఇంకో కుర్రాడికి ఇచ్చారట. ఆ రోజంతా ఖాళీగా కూర్చుంది. "ఆయన తిట్టినా బాగుండేది సార్" అంది ఫోన్లో. ఆ పీడీఎఫ్‌ని మార్చడం నాకు పది నిమిషాల పని. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆమె చేత చేయించలేదు. స్కానర్ మీద ఆమె చెయ్యే పడనివ్వలేదు. ఆమె చదువుకి నేను బాగానే ఉపయోగపడ్డాను, ఉద్యోగానికి మాత్రం ఆమెని సిద్ధం చేయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ వారాంతం నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఆమె ఫైలు నేను తెరవను. పక్కన కూర్చుంటాను, అడిగితే చెబుతాను, మౌస్ ముట్టను. రెండు రోజుల్లో అక్షరాలుగా మార్చడం వచ్చేసింది. కష్టం అంకెల దగ్గర. మార్చినప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. అక్షరం తప్పు చెవికి తెలుస్తుంది, అంకె తప్పు తెలియదు. 3,450 బదులు 8,450 అని వినపడితే అదీ సహజంగానే ఉంటుంది.

దీనికి దారి ఆమే కనిపెట్టింది. 18 శాతం జీఎస్టీ బిల్లులో అసలు విలువ, దాని మీద 9 శాతం కేంద్ర పన్ను, 9 శాతం రాష్ట్ర పన్ను, చివర మొత్తం ఉంటాయి. ప్రతి వరసకీ అసలు విలువ నుంచి పన్నులు, మొత్తం తనే సూత్రంతో లెక్క కట్టించి, బిల్లులో ఉన్న మొత్తంతో తేడా ఒక గడిలో వచ్చేలా చేసింది. తేడా సున్నా అయితే ఆ వరస సరే. పైసల తేడా రౌండింగ్. రూపాయి దాటి తేడా వచ్చిన బిల్లుని మాత్రమే ఫోన్ కెమెరాతో పెద్దది చేసి, మిగిలిన తన నడిమి చూపుతో స్వయంగా చూసుకునేది. నూరు బిల్లుల్లో అలా చూడాల్సినవి ఏడెనిమిది. మూడు వారాలకి ఆ ఆఫీసులో చూపున్న కుర్రాళ్ళు ఎక్కించిన షీట్లు కూడా సరిచూడటానికి ఆమె దగ్గరికే రావడం మొదలైంది. ఆడిటర్ గారు నాకు ఫోన్ చేసి ఆ తేడా గడి గురించే అయిదు నిమిషాలు మాట్లాడారు.

కాలేజీలో మేం నేర్పే అకౌంటింగ్ ప్యాకేజీ స్క్రీన్ రీడర్‌కి సరిగ్గా అందలేదు. దాని మీద ఎక్కువ కాలం పెట్టకుండా ఎక్సెల్‌నే లోతుగా నేర్పడం మంచి నిర్ణయమైందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

అడిగే ఉత్తరం

ఉద్యోగం అనేసరికి ఇంట్లోవాళ్ళూ, నేనూ ఒక్క మాటే అన్నాం: బ్యాంకు పరీక్ష. దివ్యాంగుల హక్కుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకి 4 శాతం, అందులో అంధులకీ అల్పదృష్టివాళ్ళకీ 1 శాతం. అది హక్కు, వాడుకోవాల్సిందే. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో పోయింది. అయితే మా సలహా అంతా ఆ ఒక్క దారిలోనే నడిచింది. ప్రైవేటు కంపెనీ ఆమెని ఎందుకు తీసుకుంటుందిలే అని నా మనసులో ఎక్కడో ఉండేది. పైకి అననంత మాత్రాన అది లేకుండా పోలేదు.

ఒక ప్రైవేటు కంపెనీ ఆన్‌లైన్ పరీక్షలో కెమెరా చూపుని కనిపెట్టే ఏర్పాటు ఉంది. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ళు తెరవైపే చూస్తూ కూర్చోరు. నాలుగుసార్లు హెచ్చరించి పరీక్ష ఆగిపోయింది. ఆ సాయంత్రం కంపెనీకి మెయిల్ రాద్దామన్నాను. ఆమె రాసిన మొదటి ప్రతి ఇలా ఉంది: "నాకు కళ్ళు సరిగా కనపడవు సార్. మాది పేద కుటుంబం. దయచేసి నాకు ఇంకొక్క అవకాశం ఇప్పించగలరు."

ఇంటర్వ్యూ ఉత్తరాల్లో మన పిల్లలందరూ రాసేది ఇలాగే, మనం నేర్పిన సెలవు చీటీ భాష అది. నాలుగు గంటలు కూర్చుని మళ్ళీ రాశాం. చివరికి పంపింది: "నేను స్క్రీన్ రీడర్ సాయంతో కంప్యూటర్ వాడతాను. ఎక్సెల్‌లో బిల్లుల నమోదు, సరిచూడటం అయిదు నెలలు చేశాను. మీ పరీక్షలో చూపుని గమనించే ఏర్పాటు వల్ల నా పరీక్ష మధ్యలో ఆగింది. నాకు మూడు ఏర్పాట్లు కావాలి: కెమెరా హెచ్చరికలకి బదులు మనిషి పర్యవేక్షణ, గంటకి 20 నిమిషాల అదనపు సమయం, పరీక్షకి ముందు రోజు సిస్టమ్‌ని పరీక్షించుకునే వీలు. దివ్యాంగుల హక్కుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం మీ సంస్థ ప్రకటించిన సమాన అవకాశాల విధానం ప్రతి కూడా పంపగలరు." జబ్బు పేరు లేదు, పేదరికం లేదు. ఏం చేయగలదో ముందు, ఏం కావాలో తర్వాత.

ఆ విధానం అన్ని సంస్థలకీ ఉండాలని చట్టం చెబుతోంది, ప్రైవేటు సంస్థలకి కూడా. దాన్ని బహిరంగంగా ఉంచాలి కూడా. వారానికి జవాబు వచ్చింది, పరీక్ష మళ్ళీ పెట్టారు, ఒక ఉద్యోగి ఫోన్లో ఉండి పర్యవేక్షించారు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ ఉత్తరం మాత్రం చిన్న చిన్న మార్పులతో ఇంకో ఎనిమిది చోట్లకి వెళ్ళింది.

వాటిలో ఒక దరఖాస్తు ఫారం నింపుతుండగా చూస్తే, అందులో ఏ పెట్టెకీ స్క్రీన్ రీడర్ చదివే పేరు లేదు. పేరున్న పెట్టె దగ్గర ఎన్‌వీడీఏ "ఫోన్ నంబర్, ఎడిట్" అంటుంది. పేరు లేకపోతే ఉత్తి "ఎడిట్" అని ఊరుకుంటుంది. పదకొండు పెట్టెలు, పదకొండుసార్లు "ఎడిట్". విసుగొచ్చి ఏ పెట్టె దగ్గర ఏం లోపముందో జాబితా రాసి నాకు పంపింది. అది చదివాక, ఇలా లోపాలు పట్టేవాళ్ళకి జీతమిచ్చే ఉద్యోగాలున్నాయని ఆమెకి చెప్పాను. యాక్సెసిబిలిటీ టెస్టింగ్ అంటారు, వెబ్‌సైట్లు దివ్యాంగులకి అందుతున్నాయో లేదో పరీక్షించే పని.

ఆరు నెలలు ఆ పని మీద కూర్చుంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ ముందు. తర్వాత వెబ్‌సైట్లు దివ్యాంగులకి అందాలంటే ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు, 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పు దాకా. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5కి 1 తేడా ఉండాలన్న నియమం లాంటివి ఆమెకి కంఠతా వచ్చేశాయి. ఇందుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 17802. ఎన్‌వీడీఏ వాళ్ళ నైపుణ్య పరీక్ష ఆన్‌లైన్‌లో ఉచితంగా రాయవచ్చు, అదీ రాసింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది, అక్కడి కంపెనీలకి పనిచేసే హైదరాబాద్ సంస్థలకి ఇలాంటివాళ్ళ అవసరం అంతకు ముందే మొదలైంది. 2025 మొదట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థలో ట్రైనీగా చేరింది.

నేను చేయలేకపోయినవి

తెల్లకర్ర వాడకం కాలేజీలో ఉండగా నేర్పించలేదు. చిన్న ఊళ్ళో స్నేహితురాలి చెయ్యి పట్టుకుని నడిచిపోయేది, అవసరం కనపడలేదు. హైదరాబాద్‌లో మొదటి నెల ఆఫీసు నుంచి హాస్టల్‌కి చీకటి పడ్డాక రాలేక రోజూ ముందే బయల్దేరేది. నడక శిక్షణ అక్కడికెళ్ళాక ఒక పునరావాస కేంద్రంలో తీసుకుంది. కంప్యూటర్ మీద పెట్టిన దృష్టిలో పదో వంతు దీని మీద పెట్టాల్సింది.

ఇంకోటి. ఈ పద్ధతంతా చూపు తగ్గినవాళ్ళకి కుదిరింది. అదే ఏడాది మా దగ్గరున్న ఇద్దరు బధిర విద్యార్థులకి ఇందులో ఏదీ పనికిరాలేదు. వాళ్ళకి కావాల్సింది క్లాసులో క్యాప్షన్లు, సైగల భాష తెలిసిన మనిషి. ఆ మనిషి మాకు ఇంకా దొరకలేదు.

ఇప్పుడు మా కేంద్రంలో మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థి తన మొదటి నోట్స్ తనే మార్చుకుంటాడు. రెండో సెమిస్టర్ అయ్యేలోగా అడిగే ఉత్తరం రాసి, అదే ఉత్తరం ముందు ప్రిన్సిపాల్ గారికి ఇస్తాడు, కాలేజీలో ఏదో ఒక ఏర్పాటు కోసం. బయటివాళ్ళని అడిగే ముందు మమ్మల్ని అడగడం అలవాటవుతుంది. డీటీపీ సెంటర్ అతనితో మాట్లాడి నోట్స్ యూనికోడ్‌లో కొట్టించడం మొదలుపెట్టాం. పేజీకి రెండు రూపాయలు ఎక్కువ అడుగుతున్నాడు, ఇస్తున్నాం.

మొన్న నవంబరులో ఆ అమ్మాయి నుంచి మెయిల్ వచ్చింది. మా కాలేజీ వెబ్‌సైట్ మీద పద్నాలుగు పేజీల రిపోర్టు. మొదటి లోపం: పరీక్షల నోటీసులన్నీ స్కాన్ చేసిన బొమ్మలుగా పెడుతున్నారు, స్క్రీన్ రీడర్‌కి అందవు. కింద ఎప్పటిలోగా సరిచేయాలో తేదీ కూడా వేసింది. గడువు దాటి పది రోజులైంది. రెండేళ్ల నోటీసుల్లో సగం టైపు చేయించాను, మిగతా సగం ఈ నెలాఖరుకి అవుతుందని ఆమెకి రాశాను.